నిలిచే హల్వా – పాచిపోయే అన్నం

తెలుగు పాఠం చెప్పుకొనే నాబోటివాడు సూక్ష్మజీవశాస్త్రంలో వేలు పెట్టడం సాహసమే. అయినా ఈ వ్యాసానికి ప్రేరణ మన మాడుగుల బజారులోనే ఉన్నది. ఇక్కడి హల్వాను బంధువులు పెట్టెలో పెట్టుకొని దూరదేశాలకు సైతం తీసుకొనిపోతారు. ఫ్రిజ్ లేకుండానే అది కొన్ని వారాలు నిలుస్తుంది. అదే వీధిలో ఉదయం వండిన అన్నం మరునాటికి పాచిపోతుంది. రెండూ ధాన్యమే, రెండూ పొయ్యిమీద ఉడికినవే. మరి ఈ భేదం ఎక్కడిది?

హల్వా అన్న మాట అరబ్బీ నుండి వచ్చినది. దానికి మూలార్థం తీపి. సమాధానంలో సగం ఆ తీపిలోనే ఉన్నది.

నానబెట్టిన గోధుమలను రుబ్బి, పాలు తీసి, పంచదారతోను నేతితోను దగ్గరపడే వరకు కలియబెడతారు. నీరు చాలా వరకు ఆవిరైపోతుంది. మిగిలినదానిని పంచదార పట్టి ఉంచుతుంది. బాక్టీరియాకు లెక్క పదార్థంలో ఉన్న నీరు కాదు, తనకు అందే నీరు. దీనినే జల క్రియాశీలత అంటారు. స్వచ్ఛమైన నీటికి దీని విలువ 1. ఈ భావన ప్రాముఖ్యాన్ని 1950ల్లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు డబ్ల్యు. జె. స్కాట్ నిరూపించారు. విలువ 0.91 కంటె తగ్గితే ఆహారాన్ని చెరచే బాక్టీరియాలో అధికభాగం పెరుగజాలదు. స్టెఫిలోకోకస్ ఆరియస్ అను మొండిజీవి మాత్రం సుమారు 0.86 వరకు ఓర్చుకొంటుంది. బూజు ఇంకా దిగువన కూడా బ్రతుకుతుంది. కనుకనే వేడి హల్వాకు వెంటనే మూత బిగించరాదు. ఆవిరి చెమ్మయై రాలిన చోట ఈ లెక్క తప్పుతుంది.

ఇక అన్నం. దాని విలువ 1కి అతి చేరువ. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అను బాక్టీరియా సిద్ధబీజాలు ఉడుకునీటిలోనూ చావవు. అన్నం గోరువెచ్చన కాగానే మొలకెత్తుతాయి. ఎంత వేగంగా పెరుగుతాయో ముందే చెప్పగలమా? 1982లో టాస్మేనియాకు చెందిన రాట్కోవ్‌స్కీ బృందం ఒక చక్కని సూత్రం ప్రకటించింది. అనుకూల ఉష్ణోగ్రతకు లోబడినంత వరకు, వృద్ధి రేటు వర్గమూలం ఉష్ణోగ్రతతోపాటు సరళరేఖలో పెరుగుతుంది.

విద్యార్థులు పలకమీద వేసి చూడదగిన లెక్క ఇది. ఒక బాక్టీరియాకు ఆ రేఖ 5 డిగ్రీల వద్ద సున్నాను తాకుతుందనుకొందాం. 35 డిగ్రీలు దానికి 30 పైన. 20 డిగ్రీలు 15 పైన. దూరం సగమైతే వేగం నాలుగో వంతు. 35 డిగ్రీల వద్ద అరగంటకు ఒకసారి రెట్టింపయ్యేది, 20 వద్ద రెండు గంటలకు ఒకసారి రెట్టింపవుతుంది. ఎనిమిది గంటలలో మొదటిచోట 16 రెట్టింపులు, అనగా ఒక్కటి 65,536 అవుతుంది. రెండవచోట నాలుగే, అనగా 16. (నిజానికి ఆరంభంలో కొంత జాగు ఉంటుంది; దానిని విడిచాను.)

నేను చదువుకొనే రోజులలో ఒక వసతిగృహంలో రాత్రి విందు మిగిలింది. అన్నం నిండిన డేగిసాను మూతపెట్టి ఉంచి, ఉదయం పొగలు కక్కేలా కాచి వడ్డించారు. మధ్యాహ్నానికి మాలో చాలామందిమి వాంతులతో పడిపోయాము. “మళ్లీ మరిగించాము గదా!” అని వంటవాడు వాపోయినాడు. అతని ఆశ్చర్యం నాకు చాలాకాలం బోధపడలేదు. వేడికి బాక్టీరియా చచ్చును గాని, అది అప్పటికే విడిచిన వాంతి విషం 121 డిగ్రీలకూ లొంగదు. లెక్క చూడవలసినది ఉదయం పొయ్యి దగ్గర కాదు, రాత్రి మూత దగ్గర.

మన పెద్దలు అన్నాన్ని పులిహోరగా కలిపితే చింతపండు పులుపు ఈ వేగానికి పగ్గం వేస్తుంది. చద్దన్నంలో ఆ పని లాక్టిక్ ఆమ్లం చేస్తుంది. అయితే పులుపు తగినంత ఎక్కే వరకు భరోసా లేదు.

వార్షికోత్సవ విందుకు పాత్రలు సమకూర్చే కమిటీ పెద్దలకు ఒక మనవి. మిగిలిన అన్నాన్ని లోతైన డేగిసాలో ఉంచక, వెడల్పు పళ్లేలలో పలుచగా పరచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టించగలరు. మందం సగమైతే చల్లారే కాలం సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది. ఆనాటి డేగిసా నడుమ అన్నం తెల్లవారినా గోరువెచ్చగానే ఉండినది.