నొప్పి ఓర్చుకోవాలా?

కోడలికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మర్నాడు సాయంత్రం కోత నొప్పి ఎక్కువైంది. లేవలేదు. పాపకు పాలివ్వలేదు.

"ఆడదానివి, ఓర్చుకో" అంది అత్త.

నర్సమ్మ విన్నది. "ఎందుకు ఓర్చుకోవాలి పెద్దమ్మా? నొప్పి తగ్గితేనే లేచి నడుస్తుంది. నిన్న వెన్నులో ఇచ్చిన మత్తు సూదిలో కొంచెం మార్ఫిన్ కలిపారు. దాని గుణం సుమారు ఒక రోజే. ఇక మాత్రలు వెయ్యాలి" అంది.

మార్ఫిన్ వల్ల దురద, వికారం రావచ్చు. అరుదుగా ఊపిరి నెమ్మదిస్తుంది. అందుకే నర్సులు కనిపెట్టి ఉంటారు.

వికారానికి చైనా వైద్యంలో ఒక ఉపాయం ఉంది. అరచేతి కింద మణికట్టు గీత చూడండి. అక్కడినుంచి మోచేతి వైపు మూడు వేళ్ళు కొలవండి. రెండు నరాల మధ్య బొటనవేలితో నొక్కండి. వికారం తగ్గవచ్చు. ఇది మందుకు తోడు. మందుకు బదులు కాదు.

అక్కలారా! నొప్పి ఉంటే నోరు విప్పి చెప్పండి.

చెప్పండి: మార్ఫిన్ గుణం ఎంతసేపు ఉంటుంది? వికారానికి ఎక్కడ నొక్కాలి?