పోటీ పరీక్షల ప్రత్యేకం: మస్తిష్కమున విద్యుత్ప్రేరణము

డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ అని వైద్యులు వ్యవహరించు ఈ చికిత్సకు ఆధునిక రూపమును 1987లో ఫ్రాన్సు దేశమందలి గ్రెనోబుల్ నగరమున అలీం లూయీ బెనబిద్ అను శస్త్రవైద్యుడు, నాడీవైద్యుడైన పియెర్ పొలాక్‌తో కూడి ప్రసాదించెను. వణకును మాన్పుటకై థాలమస్‌లోని చిన్నభాగమును దగ్ధమొనర్చుటకు పూర్వము, స్థాననిర్ణయార్థము అచట విద్యుత్తును ప్రసరింపజేయుట ఆనాటి ఆచారము. అట్లు చేయుచుండగా, స్పందనలు సెకనుకు ఇంచుమించు 100కు చేరినంతనే వణకు తటాలున నిలిచిపోవుటను గమనించిన బెనబిద్, కాల్చుటకు మారుగా ఎడతెగని ప్రేరణమే చాలునని తలపోసెను. పలుచోట్ల నేటికిని మెలకువతోనున్న రోగిచేత కాగితముపై సుడిగీతను గీయించి, వంకరలు తొలగి గీత నునుపుదేరినప్పుడు, మస్తిష్కమున అమర్చు ఎలక్ట్రోడు సరియైన తావున నున్నదని నిశ్చయింతురు. దానికి విద్యుత్తు నందించు బ్యాటరీ పరికరము జత్రుక (కాలర్ బోన్) క్రింద, చర్మము లోపల నుండును.

పార్కిన్‌సన్ వ్యాధియందు ప్రధాన లక్ష్యము సబ్‌థాలమిక్ న్యూక్లియస్. అమెరికా ఎఫ్‌డీఏ వణకునకు 1997లో, పార్కిన్‌సన్‌కు 2002లో సమ్మతించెను. డిస్టోనియాకు 2003లోను, మందులకు లొంగని తీవ్రమైన ఓసీడీకి 2009లోను లభించినవి మానవతాదృష్టితో నిచ్చిన పరిమితానుమతులు మాత్రమే. సంవత్సరములకంటె ఈ భేదమే జ్ఞాపకముంచుకొనదగినది. ఈ చికిత్స లక్షణములను అదుపుచేయునే కాని వ్యాధిని నిర్మూలింపజాలదు. ఈ రంగమున చేసిన కృషికిగాను బెనబిద్‌కు, అమెరికా నాడీవైద్యుడైన మాలన్ డిలాంగ్‌కు 2014లో లాస్కర్ పురస్కారము లభించెను.