ఇంటి కుక్కపిల్లకు శుభ్రత నేర్పుట

ఉద్దానమున పిల్లలాడుకొనునదీ, జీడిపిక్కలు ఎండబోయునదీ ఇంటి వాకిటనే. కనుక పలాస, టెక్కలి ప్రాంతములలో పొమరేనియన్ వంటి చిన్నజాతి కుక్కపిల్లను తెచ్చుకొనినవారు, మలమూత్రములకు వేరొక చోటును మొదటి దినముననే దానికి అలవాటు చేయవలెనని మా మనవి.

చిన్నజాతి పిల్లకు మూత్రాశయము మరింత చిన్నది. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఆపుకొనజాలదు. నిద్ర లేవగానే, తిన్న పావుగంటలో, ఆట ముగియగానే దానిని పెరటిలో ఒకే కొబ్బరిచెట్టు మొదటికి తీసికొనిపోవలెను. పని ముగించిన మరుక్షణమే అచ్చటనే మెచ్చుకొని, చిన్న తినుబండారమీయవలెను. ఇంటిలోనికి వచ్చిన పిదప ఇచ్చినచో, అది దేనికో దానికి బోధపడదు.

తప్పు చేసిన పిల్ల ముక్కును అందులో రాచి కొట్టుట మనలో పలువురకు అలవాటు. దానివలన పిల్ల నేర్చునది మంచము క్రింద చాటుగా పోవుట మాత్రమే! తడిసిన చోట వాసన మిగిలినచో మరల అచ్చటికే వచ్చును, బాగుగా కడుగవలెను. తుపాను దినములలో వసారాలో ఒక మూల పాత గోనె పరచిన చాలును.

మలమును ఏ దినమున కా దినము ఎత్తి లోతుగా పాతిపెట్టవలెను. అందలి నులిపురుగుల గ్రుడ్లు కొన్ని వారములకు మట్టిలో పక్వమై, ఆ మట్టిలో ఆడు పిల్లల చేతుల నుండి నోటికి చేరును. అరుదుగా కంటిచూపునకే హాని కలుగును. పశువైద్యుని సలహాపై పిల్లకు రెండు వారముల వయస్సు నుండియే నట్టల మందు, మూడు నెలలకు రేబీస్ టీకా వేయించవలెను.