నారుమడిని చూచి నేర్చుకొనుట (యెషయా 28:23-29)



ఉత్తర, హస్త కార్తెలలో మన రైతులనేకులు క్యాబేజి, కాలీఫ్లవర్ నారు పోయుదురు. కనుక ఈ నెల పాఠమునకు యెషయా 28వ అధ్యాయపు కడపటి వచనములను తీసికొంటిమి. అచ్చట ప్రవక్త యెరూషలేములోని అపహాసకులకు ఒక సేద్యగానిని చూపించుచున్నాడు. అతడు ఎల్లకాలము దున్నుచునే ఉండడు. నేల చదునైన తరువాత జీలకర్రను చల్లును, గోధుమలను వరుసలలో వేయును. ఏ విత్తునకు ఏది తగునో అతనికి దేవుడే నేర్పెనట. అందుచేత నారుమడి సంగతి గుడిలో ఎందుకని ఎవరును అనవలదు.

క్యాబేజి, కాలీఫ్లవర్, ముల్లంగి, మన ఇంటి ఆవ, ఇవన్నియు ఒక్క కుటుంబపు మొక్కలే. క్యాబేజి విత్తనములు అరచేతిలో పోసికొన్నచో ఆవగింజలే అనిపించును. అయితే ఆవలను చేనిలో చల్లినట్లు వీటిని చల్లి ఊరకుండరాదు. అరడుగు ఎత్తున, మీటరు వెడల్పున మడి కట్టి, బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి, నాలుగు వ్రేళ్ల ఎడముగా గీతలు గీసి, సెంటీమీటరు లోతున పలుచగా విత్తవలెను. పైన ఎండుగడ్డి పరచి నీరు సన్నగా చిలుకరించవలెను. నాలుగు మొదలు ఏడు దినములలో మొలకలు కనబడును.

మొలక కనబడిన నాడే గడ్డి తీసివేయవలెను. ఇచ్చటనే అనేకులు జాలిపడి నారు పోగొట్టుకొందురు. ఎండ తగులునని కప్పు ఉంచినచో మొలక వెలుగుకొరకు సాగి, తెల్లని దారమువలె పొడుగై వాలిపోవును. గట్టి వానకును మిట్టమధ్యాహ్నపు ఎండకును పైన ఎత్తుగా పలుచని పందిరి చాలును. ఉదయపు ఎండ, సాయంకాలపు ఎండ దానికి తగులవలెను.

రెండవ శత్రువు నారుకుళ్లు. మొలక కాండము నేలమట్టమున మెత్తబడి ఒక్క రాత్రిలో పడిపోవును. ఒత్తుగా విత్తిన చోట, నీరు నిలిచిన చోట ఈ బూజు ప్రబలును. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడి తడుపవచ్చును గాని, ముందు నీరు పోవుటకు కాలువ తీయనిచో మందు డబ్బు వ్యర్థమే.

25 మొదలు 30 దినములకు నారు నాలుగైదు ఆకులు వేయును. నాటుటకు ముందటి వారము నీరు తగ్గించి, పందిరి తీసి, పూర్తి ఎండకు అలవాటు చేయవలెను. అప్పుడు ఆకు దళసరియై కాండము గట్టిపడును. అట్లని మడిలోనే ముదరనిచ్చినచో కాలీఫ్లవర్ చొక్కా బొత్తామంత పువ్వు వేసి ఆగిపోవును.

యెషయా చూపిన సేద్యగాడును ఇట్టి కొలత తెలిసినవాడే. జీలకర్రను బండిచక్రముతో నలుగగొట్టక కర్రతో దులుపును. గోధుమలపై బండి నడిపినను ఎల్లప్పుడును నడుపడు.

మన పిల్లలు పదవ తరగతి ముగించి పట్టణపు హాస్టళ్లకు పోవుచున్నారు. వారిలో కొందరు రెండేండ్లు తిరుగక మునుపే ఆరాధనకు దూరమగుచున్నారు. ఇంకను ఇంటనే దాచుకొనవలసినదని కొందరు తల్లులు మాతో అందురు; చిన్ననాడే కఠినముగా పెంచవలసినదని కొందరు తండ్రులందురు. మడిని చూచినవారు ఈ రెండింటిని ఒప్పుకొనరు. ఇంట నున్న ఆఖరి సంవత్సరములో పిల్లవానిచేతనే వాక్యము చదివించి, కుటుంబ ప్రార్థన నడిపించనియ్యుడి. వాడు సందేహములు అడిగినప్పుడు కోపపడకుడి. మీ యెదుట అడుగనియ్యనిచో హాస్టలులో మరి యెవరినో అడుగును.

అయితే ప్రతి బాధను దేవుని శిక్షణ యనుట మాకు సమ్మతము కాదు. తండ్రి త్రాగి వచ్చుచు, ఇంట నిత్యము కలహమైనప్పుడు బిడ్డ విశ్వాసము కూలినచో, అది నీరు నిలిచిన మడిలోని కుళ్లు. కాలువ తీయవలసినవాడు ఆ తండ్రియే.

నాటుట సాయంకాలమున చేసి వెంటనే తడి పెట్టుడి. మొదటి పది దినములలోనే మొక్కలు చనిపోవును గనుక, ఖాళీలు నింపుటకు కొంత నారు మడిలో ఉంచుకొనుడి. పట్టణము చేరిన పిల్లలకును మొదటి దినములు అట్టివే. అక్కడి సంఘ కాపరికి ఫోను చేసి వారిని అప్పగింపగోరుచున్నాము. ఈ సంవత్సరము వెళ్లిన పిల్లల పేర్లు, హాస్టలు వివరములు ఇంకను ఇయ్యనివారు వచ్చు ఆదివారము ఆరాధన తరువాత మాకు వ్రాసి ఇయ్యగలరు.