స్నేహానికి కాగితం అడ్డు కాదు

గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఉక్కు ఫ్యాక్టరీలో, పోర్టు పనుల్లో ఉన్నవాళ్లు చాలామంది అద్దె ఇళ్లలో ఉంటారు. అక్కడ ఇద్దరు స్నేహితురాళ్లు కలిసి ఒక ఇల్లు కొంటున్నారు అనుకుందాం. ఇల్లు ఖరీదు 20 లక్షలు. ఒకామె 12 లక్షలు పెట్టింది. రెండో ఆమె 8 లక్షలు పెట్టింది.

"నీ ఒక్కదాని పేరున రాయించేద్దాం వదినా. మన మధ్య కాగితాలెందుకు?" అంది రెండో ఆమె.

"స్నేహం నిలవాలంటేనే కాగితం కావాలి వదినా" అంది మొదటామె.

ఆ మాట నిజం. డబ్బు ఒకరిది, పేరు ఇంకొకరిది అయితే దాన్ని బినామీ అంటారు. 1988లో వచ్చిన చట్టం దాన్ని నిషేధించింది. తర్వాత "ఇందులో నా డబ్బుంది" అని కోర్టుకు వెళ్లినా వాటా దక్కదు.

కొనే ముందు

సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈ.సి. తీయించాలి. ఇల్లు ఎవరి పేరున ఉందో, తాకట్టులో ఉందో అందులో చూడవచ్చు.

కొనేటప్పుడు

దస్తావేజులో ఇద్దరి పేర్లూ రాయించాలి. ఎవరి వాటా ఎంతో కూడా రాయించాలి. ఇక్కడ ఒకరిది నూటికి 60, ఇంకొకరిది నూటికి 40. వాటా రాయకపోతే, ఎవరెంత పెట్టారో రుజువు లేకపోతే, చట్టం ఇద్దరికీ సగం సగం అనుకుంటుంది. దస్తావేజు రిజిస్టరు కావాలి. నోటరీ ముద్ర చాలదు.

ఇద్దరి మధ్య ఒప్పందం

ఇంటి పన్ను, రిపేర్లు ఎవరెంత కట్టాలి? ఒకరు అమ్ముకోవాలంటే ముందు రెండో ఆమెను అడగాలా? ఇవన్నీ రాసుకోవాలి. ఒకరు చనిపోతే ఆ వాటా ఆమె వారసులకు పోతుంది. అప్పుడు వాళ్లకూ ఈ కాగితమే దారి చూపుతుంది.

అద్దెకు ఇచ్చేటప్పుడు

అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, గడువు ఎంత అన్నది రాయాలి. ఇద్దరూ సంతకం పెట్టాలి. రాసుకున్న అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి. అద్దె 10,000 రూపాయలు వస్తే, ఒకరికి 6,000, ఇంకొకరికి 4,000. ప్రతి నెలా పుస్తకంలో రాసుకోవాలి.

సలహా ఎక్కడ?

జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఉచితంగా న్యాయ సహాయం ఇస్తారు. ఆదాయం ఎంతైనా సరే. ఫోను నెంబరు 15100.

అక్కలారా, చెల్లెళ్లారా! మనకు ఇప్పుడు చదవడం వచ్చింది. ప్రతి కాగితం పూర్తిగా చదవండి. అర్థం కాని మాట అడగండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.

చెప్పండి

1. బినామీ అంటే ఏమిటి?
2. అద్దె 5,000 రూపాయలైతే ఆ ఇద్దరికీ ఎంతెంత వస్తుంది?