ఆకాశం నుంచి చూస్తే పచ్చగానే ఉంది



భారతదేశం, చైనా కలిసి భూమిని మరింత పచ్చగా చేస్తున్నాయన్న వార్త 2019లో పత్రికల్లో ప్రముఖంగా వచ్చింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఉపగ్రహాలు తీసిన చిత్రాలే దానికి ఆధారం. వార్త నిజమే. కాని దాన్ని పట్టుకుని, "అడవులు పోతున్నాయి, ఎండలు ముదురుతున్నాయి అని ఊరికే భయపెడుతున్నారు. చూడండి, భూమి పచ్చగానే ఉంది కదా!" అనేవాళ్లు బయలుదేరారు. కాలేజీలో చదివే మీ అబ్బాయో అమ్మాయో ఇదే మాట అంటే మీరేం చెబుతారు? ఉపగ్రహం అబద్ధం చెప్పదు. అయితే అది దేన్ని చూస్తుంది, దేన్ని చూడలేదు అన్నది తెలిస్తేగాని దాని మాట మనకు సరిగా అర్థం కాదు.

ముందుగా ఒక ఆకును తీసుకోండి. సూర్యకాంతిలోని ఎరుపును, నీలాన్ని ఆకులోని పత్రహరితం పీల్చుకుని ఆహారం తయారీకి వాడుకుంటుంది. ఆకుపచ్చను కొంత వెనక్కి పంపుతుంది కనుక ఆకు మనకు పచ్చగా కనబడుతుంది. ఇంతవరకు పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. ఎరుపుకు ఆవల, మన కంటికి ఆనని పరారుణ కాంతి ఒకటుంది. టి.వి. రిమోట్ నొక్కినప్పుడు దాని కొన నుంచి వెలువడేది ఈ జాతి కాంతే. ఆహారం తయారీకి ఇది ఆకుకు పనికిరాదు. అందుచేత ఆకు లోపలి కణాల అమరిక దీన్ని దాదాపు సగం వరకు తిప్పికొడుతుంది. ఆ కాంతిని చూడగల కళ్లే మనకుంటే, ఏపుగా ఎదిగిన వరిచేను ధగధగ మెరుస్తూ కనబడేది.

ఉపగ్రహంలోని పరికరం ఎరుపును, పరారుణాన్ని వేరువేరుగా కొలుస్తుంది. 1972 జూలైలో అమెరికా పంపిన మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహం నాటి నుంచి ఈ పని సాగుతోంది. మన దేశం 1988 మార్చి 17న ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహాన్ని పంపాక, హైదరాబాదుకు చేరువలోని షాద్‌నగర్ కేంద్రం మన సొంత చిత్రాలనే అందుకోసాగింది.

లెక్క మాత్రం హైస్కూలు పిల్లలు చేయగలిగినదే. పరారుణంలోంచి ఎరుపును తీసివేయాలి. వచ్చినదాన్ని ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. ఉదాహరణకు, పచ్చని చేను పరారుణాన్ని నూటికి 50 పాళ్లు, ఎరుపును 8 పాళ్లు తిప్పికొట్టిందనుకోండి. 42ను 58తో భాగిస్తే 0.72. దున్ని వదిలిన నేల 30 పాళ్లు, 25 పాళ్లు తిప్పికొడితే, 5ను 55తో భాగించగా 0.09. నీటికైతే సాధారణంగా సున్నాకు దిగువనే వస్తుంది. దీనిని వృక్ష సూచిక అనవచ్చు, శాస్త్రజ్ఞులు ఎన్.డి.వి.ఐ. అంటారు. ప్రపంచ పచ్చదనాన్ని గురించి మనం వినే పెద్ద పెద్ద మాటలు చాలావరకు ఈ రెండు కాంతుల తేడా మీద నిలబడినవే.

ఇంత చిన్న లెక్క ఏం సాధించిందో చూడండి. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణపు అంచున సాహెల్ అనే మెట్ట ప్రాంతముంది. ఎడారి ఏటా అయిదారు కిలోమీటర్ల చొప్పున ఆ ప్రాంతం మీదికి నడిచి వస్తున్నదని, 1975లో సూడాన్‌లో జరిగిన ఒక పరిశీలన ఆధారంగా ప్రపంచమంతా చెప్పుకున్నారు. నాసాకు చెందిన కాంప్టన్ టక్కర్, ఆయన సహచరులు 1980 నుంచి 1990 వరకు వచ్చిన చిత్రాలను వరుసగా పేర్చి పరికించారు. మబ్బుల జాడ తెలుసుకునేందుకు పంపిన వాతావరణ ఉపగ్రహాలవి! 1980, 1984 మధ్య ఎడారి అంచు సుమారు 240 కిలోమీటర్లు దక్షిణానికి జరిగింది. వానలు కురిసిన 1985లో, ఒక్క ఏడాదిలోనే, 110 కిలోమీటర్లు ఉత్తరానికి వెనుదిరిగింది. అంటే ఎడారి ఒకే దిక్కుకు నడవడం లేదు, వాన వెంట ముందుకూ వెనక్కూ ఊగుతోంది. 1984 నాటి కరువులో అక్కడి ప్రజలు పడిన బాధ దీనివల్ల తక్కువైపోదు. కాని ఒక ఏడాది చూసి మాట్లాడటానికీ పదేళ్లు చూసి మాట్లాడటానికీ గల తేడా ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

1997లో మరొక ముఖ్యమైన ఫలితం వెలువడింది. బోస్టన్ విశ్వవిద్యాలయంలోని రంగా మైనేని దానికి ముఖ్య రచయిత, రామకృష్ణ నేమాని సహరచయితల్లో ఒకరు. ఈ ఇంటిపేర్లు మన పాఠకులకు కొత్తవి కావు! 45వ అక్షాంశానికి ఉత్తరాన ఉన్న చలి దేశాలలో, 1981 నుంచి 1991 లోపల, మొక్కలు పెరిగే కాలం సుమారు 12 రోజులు పొడవైందని వారు తేల్చారు. అందులో వసంతం 8 రోజులు ముందుకు వచ్చింది. వాతావరణం వేడెక్కుతున్నదనడానికి చెట్లు చిగురించే తేదీయే సాక్షిగా నిలిచింది. ఆ సహరచయితల్లో మరొకరైన చార్లెస్ కీలింగ్ 1958 నుంచి హవాయి దీవిలోని ఒక కొండమీద గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొలుస్తూ వచ్చిన మనిషి. ఉత్తరార్ధ గోళంలో ఆకులు చిగిర్చినప్పుడల్లా ఆ వాయువు కాస్త తగ్గుతుంది. ఆ తగ్గుదల కూడా 1960ల నాటికంటే వారం రోజులు ముందే వస్తున్నదని ఆయన కొలతలు చెప్పాయి. ఉపగ్రహం ఒక దారిన, కొండమీది పరికరం వేరొక దారిన ఒకే చోటికి చేరాయి.

ఈ పని పైకి కనిపించినంత సులువైనది కాదు. మబ్బు అడ్డొస్తే సూచిక పడిపోతుంది. అందువల్ల పదిహేను రోజుల చిత్రాలలో ఒక్కొక్క చోటికి సూచిక ఎక్కువగా వచ్చిన రోజునే ఏరుకుంటారు. పాత ఉపగ్రహాలు ఏళ్లు గడిచేకొద్దీ ఒకే చోటి మీదికి మరింత పొద్దువాలాక వచ్చేవి. దానివల్ల నీడలు మారి లెక్క తప్పేది. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలినప్పుడు ఆకాశమంతా కమ్మిన పొర మరొక చిక్కు. 2005లో అమెజాన్ అడవికి తీవ్రమైన కరువు వచ్చింది. ఆ కరువులో అడవి మరింత పచ్చబడిందని 2007లో ఒక పరిశోధన ప్రకటించింది. పొగ, మబ్బు కలిసిన చిత్రాలను ఏరివేసి తిరిగి లెక్కిస్తే ఆ పచ్చదనం కనబడలేదని 2010లో మరికొందరు చూపారు.

ఇక 2019 నాటి వార్త దగ్గరకు వద్దాం. మైనేని బృందమే, నేమాని కూడా అందులో ఉండగా, 2000 నుంచి 2017 వరకు వచ్చిన మెరుగైన చిత్రాలతో లెక్కగట్టింది. ప్రపంచంలో ఆకుల విస్తీర్ణం నూటికి 5 పాళ్లు పెరిగింది. ఆ పెరుగుదలలో నాలుగో వంతు ఒక్క చైనాదే, అందులోనూ పెద్ద పాలు అడవులది. మన సంగతి వేరు. మన దేశంలో పెరిగిన పచ్చదనంలో నూటికి 82 పాళ్లు పంటపొలాలది, అడవులది 4.4 పాళ్లు మాత్రమే. ఒక పంట పండే చోట రెండో పంట వేస్తే ఏడాది మొత్తంలో ఆకు పెరుగుతుంది. ఉపగ్రహం దాన్ని ఉన్నదున్నట్టు రాసుకుంటుంది. ఆ ఆకు వరిదా, టేకుదా, చెరువుగట్టున అల్లుకుపోయిన సర్కారు తుమ్మదా అని ఈ సూచిక అడగదు.

మరి ఆ రెండో పంటకు నీళ్లు ఎక్కడివి? ఈ ప్రశ్నకు జవాబు మరొక ఉపగ్రహాల జంట ఇచ్చింది. 2002 మార్చిలో ఎగిరిన గ్రేస్ అనే ఈ రెండూ ఒకదాని వెనుక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడంగా తిరిగేవి. కింద నేలలో బరువు ఎక్కువ తక్కువలను బట్టి వాటి మధ్య దూరం అతి కొద్దిగా మారుతుంది. ఆ మార్పును కొలిచి భూగర్భ జలం ఎంత తరిగిందో లెక్కించారు. 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు వరకు పంజాబు, హర్యానా, రాజస్థాన్ ప్రాంతంలో 109 ఘన కిలోమీటర్ల నీరు తరిగిపోయింది. నేటి నాగార్జునసాగర్ నిండితే 312 టి.ఎం.సి.లు. అటువంటి సాగర్లు పన్నెండు అన్నమాట. పైన పచ్చదనం పెరుగుతున్న కాలంలోనే కింద ఇది జరిగింది. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన కుటుంబాలను ఎరిగిన రాయలసీమ, తెలంగాణ పాఠకులకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంకొక మాట కూడా ఆ వాదనలో వినిపిస్తుంది. బొగ్గుపులుసు వాయువు మొక్కకు ఆహారమే కదా, పెరిగితే మంచిదే కదా అని. ఇందులో నిజం లేకపోలేదు. 1982 నుంచి 2009 వరకు పెరిగిన పచ్చదనంలో సుమారు 70 పాళ్లు ఆ వాయువు ఎరువులా పనిచేసినందువల్లనేనని 2016లో వెలువడిన పరిశోధన అంచనా వేసింది. అయితే ఆకులు అంతగా పెరిగినా వాయువు పెరగడం ఆగలేదు. కీలింగ్ మొదలుపెట్టిన నాడు పదిలక్షల పాళ్లలో సుమారు 315 ఉన్నది ఇప్పుడు 420 దాటింది. పొలంలోని ఆకు పీల్చిన వాయువు కోత కోసి, గడ్డి మేపి, మోడు కాల్చేసరికి చాలావరకు తిరిగి గాలిలోకే పోతుంది. దాన్ని ఏళ్ల తరబడి దాచుకోవలసింది మాను, వేరు, నేల.

ఆ మానును తూచే పనిలో 2025 జూలై 30న మన శ్రీహరికోట నుంచి నైసార్ అనే ఉపగ్రహం బయలుదేరింది. ఇస్రో, నాసా కలిసి చేసినది. ఇది సూర్యకాంతి కోసం చూడదు, తన రాడార్ తరంగాలను తానే పంపి, తిరిగి వచ్చినవాటిని అందుకుంటుంది. ఆ తరంగాలకు మబ్బు అడ్డు కాదు. వాటిలో పొడవైనవి ఆకుల గుబురును దాటి కొమ్మలను, మొదళ్లను తాకి వస్తాయి. పన్నెండు రోజుల్లో రెండుసార్లు భూమి మీది నేలనంతా దాదాపుగా చుట్టి చూసేలా దీన్ని రూపొందించారు. నీళ్లు తోడేసిన చోట నేల కొద్దికొద్దిగా కుంగితే, ఆ కుంగుబాటును కూడా కొలవగలదు.