చిన్న లేత్ మీద పెద్ద పని

హైదరాబాద్

చిరంజీవి చిన్నాకి,

నీ ఫొటోలు అందాయి. మూడడుగుల లేత్‌ని సిమెంటు దిమ్మె మీద కూర్చోబెట్టి, బోల్టులు బిగించాక మళ్ళీ లెవెల్ చూసుకున్నావే, అది బాగుంది. చాలామంది బిగించకముందు చూసి ఊరుకుంటారు.

ఇక నువ్వడిగిన సంగతి. చిన్న మిల్లింగ్ స్పిండిల్‌కి హౌసింగ్ కావాలి. అందులో రెండు 6204 బేరింగులు కూర్చోవాలి. పోత ఇనుప దిమ్మె వంద మిల్లీమీటర్ల పొడవు, ఈ చివర నుంచి ఆ చివరికి 47 మి.మీ. బోరు. చక్‌లో పట్టిద్దామంటే దిమ్మె అడ్డదిడ్డంగా ఉంది, బయట చేయిద్దామంటే రేటు గుండె ఆగేలా ఉంది. ఇంట్లోనే అవుతుందా అంటావు. అవుతుంది. కాకపోతే పద్ధతి తిరగెయ్యాలి. జాబ్ తిరిగి టూలు నిలబడడం కాదు, టూలు తిరిగి జాబ్ నడవాలి. కాంపౌండ్ స్లైడ్ ఊడదీసి, క్రాస్ స్లైడ్ మీద మందపాటి ప్లేటు బిగించి, దాని మీద దిమ్మెని కట్టెయ్. రెండు సెంటర్ల మధ్య బోరింగ్ బార్ తిరుగుతుంటే క్యారేజి జాబ్‌ని మోసుకుంటూ పోతుంది.

ప్లేటు సంగతి ముందు. 200 × 200 × 25 మి.మీ. ఎమ్మెస్ ప్లేటు అయితే ఏడు కిలోల ఎనిమిది వందల గ్రాములు తూగుతుంది. మీ ఆటోనగర్ స్క్రాప్ షాపుల్లో పాత మెషిన్ టేబులు ముక్క ఏదైనా పోత ఇనుముది దొరికితే అదే తీసుకో. కంపనాన్ని మింగేయడంలో పోత ఇనుము ముందు స్టీలు నిలవదు. దొరక్కపోతే స్టీలే చాలు. గ్యాస్ కటింగ్ చేసిన ముక్క అయితే అంచులు కాలి గట్టిపడి ఉంటాయి, నాలుగు వైపులా ఐదారు మిల్లీమీటర్లు ఎక్కువ వేసి కోయించు. లేకపోతే నీ డ్రిల్లులూ టూళ్ళూ ఆ అంచు మీదే అయిపోతాయి. మందం దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మందం సగమైతే గట్టిదనం సగం కాదు, ఎనిమిదో వంతుకి పడిపోతుంది. పన్నెండు మిల్లీమీటర్ల ప్లేటు చూడ్డానికి దిట్టంగానే ఉంటుంది, కట్టు పడ్డాక తెలుస్తుంది దాని సంగతి.

ముందు కన్నాలు వెయ్యి, తరవాతే ఫేసింగ్. ఫొటోల్లో పాతికేసి మిల్లీమీటర్లకి ఒక కన్నం చొప్పున జల్లెడలా కనిపించే ప్లేట్లు చూసి ముచ్చటపడ్డట్టున్నావు. అన్ని కన్నాలకి చేత్తో ట్యాపు కొడితే నీ మణికట్టు పోతుంది తప్ప ఒరిగేదేమీ లేదు. నలభై మిల్లీమీటర్ల దూరంతో నాలుగు వరసలు చాలు, మిగతావి అవసరం పడ్డప్పుడు. ఎమ్10 ట్యాపుకి 8.5 డ్రిల్లు. కన్నం అవతలికి పోవాలి, పొట్టు కిందికి రాలిపోతుంది. ట్యాపు నిటారుగా పట్టడానికి డ్రిల్లింగ్ మెషిన్ చక్‌లోనే పట్టి, ప్లగ్గు పీకేసి, చక్‌ని చేత్తో తిప్పుతూ మొదటి మూడు నాలుగు చుట్లు ఎక్కించు. ఆ తరవాత హ్యాండిల్‌తో, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి, నూనె వేస్తూ.

ట్యాపు కొట్టిన ప్రతి కన్నం మూతికి పెద్ద డ్రిల్లుతో చిన్న చాంఫర్ ఇవ్వడం మర్చిపోకు. ట్యాపు బయటికొస్తూ మొదటి మరని కాస్త పైకి లేపుతుంది. కంటికి కనపడదు, వేలితో నిమిరితే గరుగ్గా తగులుతుంది. ఆ గరుకు మీద జాబ్ కూర్చుంటే ఎంత బిగించినా కుంటి పీటలా ఊగుతూనే ఉంటుంది. బోల్టు పెట్టినప్పుడల్లా ఆ మర ఇంకాస్త లేస్తుంది కూడా. వాడని కన్నాల్లో పొట్టి గ్రబ్ స్క్రూలు దించెయ్, పొట్టు చేరదు.

ఇప్పుడు ఫేసింగ్. ప్లేటుని ఫేస్ ప్లేటుకి ఆన్చి వెనక నుంచి బోల్టులు వెయ్యి, కన్నాలు ముందే వెయ్యమన్నది ఇందుకే. ఇక్కడ ఒక మాయ ఉంది. రోలింగ్ మిల్లు నుంచి వచ్చిన ప్లేటు ఎప్పుడూ సమంగా ఉండదు. వంకరగా ఉన్నదాన్ని బోల్టులతో లాగి ఫేస్ ప్లేటుకి అతికించావనుకో, అది మొహమాటానికి సమంగా నిలబడుతుంది. నువ్వు అద్దంలా ఫేసింగ్ కొడతావు. బోల్టులు విప్పగానే తన పాత వంకరకి తను పోతుంది. అందుకని ముందు ఊరికే ఆన్చి చూడు. ఎక్కడ సందుందో అక్కడ షిమ్ముగానీ కాగితపు మడతగానీ పెట్టి, ఆ తరవాతే బిగించు. ఒక వైపు పలచగా తీసి, తిప్పి రెండో వైపు తీసి, మళ్ళీ మొదటి వైపుకి రా. ఒకే వైపు అంతా లాగేస్తే లోపలి ఒత్తిడి ఒక పక్కకి పోయి ప్లేటు వంగుతుంది.

200 చదరానికి మూల నుంచి మూలకి 283 మి.మీ. నీ లేత్ సెంటర్ ఎత్తు 150 అంటున్నావు, అంటే మూలకీ బెడ్‌కీ మధ్య వేలి మందం సందు కూడా లేదు. మోటారు వెయ్యకముందు చేత్తో పూర్తి చుట్టు తిప్పి చూడు. మూలల్ని ముందే కాస్త కోసేస్తే ఇంకా మంచిది, తిరిగేటప్పుడు అవి కత్తులే. హెచ్చెస్సెస్ టూలుతో అయితే బయటి మూలల దగ్గర నిమిషానికి 35 చుట్లకి మించి పోకు. అంటే బ్యాక్ గేరు వెయ్యాల్సిందే. చూడ్డానికి ఆవులింతలు వచ్చే వేగం. పోనీ, రానీ. పూర్తయ్యాక స్టీలు స్కేలు అంచుని అడ్డంగా పెట్టి వెలుతురుకి పట్టుకో. మధ్యలో వెంట్రుకంత లోతుంటే పరవాలేదు, ప్లేటు నాలుగంచుల మీద స్థిరంగా కూర్చుంటుంది. మధ్యలో ఉబ్బితే మాత్రం ఒప్పుకోకు. లేత్ పరీక్షల్లో కూడా ఫేసింగ్ కప్పుగా రావొచ్చు గానీ ఉబ్బెత్తుగా రాకూడదన్నది పాత నియమం. అన్నట్టు, సమం చూడ్డానికి వంటింటి గ్రానైటు పలక వాడతానన్నావు. మెరుపు వేరు, సమం వేరు. మందపాటి ఫ్లోట్ గ్లాసు ముక్క దానికంటే నమ్మకం.

బార్ దగ్గరికొద్దాం. 47 బోరుకి 30 మి.మీ. బార్ సరిపోతుంది, చుట్టూ పొట్టు పోవడానికి ఎనిమిదేసి మిల్లీమీటర్లు మిగులుతాయి. స్క్రాప్‌లో హైడ్రాలిక్ జాకీ రాడ్డు దొరికితే అదృష్టం. గ్రైండింగ్ చేసి తిన్నగా ఉంటుంది, పైన హార్డ్ క్రోమ్. డ్రిల్లు పెట్టే చోట మాత్రం గ్రైండర్‌తో క్రోమ్ తీసెయ్, లేకపోతే డ్రిల్లు మొన జారిపోతుంది. ఈఎన్8 కొనాలా ఈఎన్24 కొనాలా అని అడిగావు. వంగే విషయంలో రెండూ ఒకటే. మామూలు స్టీలైనా, హార్డెనింగ్ చేసిన స్టీలైనా అదే బరువుకి అంతే వంగుతుంది. హార్డెనింగ్ అరుగుదలని ఆపుతుంది, వంగడాన్ని ఆపదు. వంగడాన్ని ఆపేది లావు. బార్ లావు రెట్టింపైతే వంపు పదహారో వంతుకి దిగుతుంది. బార్ పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. ఈ రెండు లెక్కలూ షెడ్డు గోడ మీద రాసుకో.

ఒక కొస పట్టిన బార్ కంటే రెండు కొసలా పట్టిన బార్ పదహారు రెట్లు గట్టి అని పుస్తకాల్లో చదివి సంబరపడ్డావు. ఒక మాట మరిచావు. జాబ్ కట్టర్‌కి ఈ వైపు నుంచి పూర్తిగా ఆ వైపుకి దాటాలి కదా, అంటే సెంటర్ల మధ్య బార్ పొడవు జాబ్‌కి రెండింతల పైమాటే. నీ వంద మిల్లీమీటర్ల జాబ్‌కి 250 బార్ కావాలి. పొడవు రెట్టింపు కాగానే ఎనిమిది రెట్లు పోయాయి. చేతికి మిగిలింది రెట్టింపు గట్టిదనం, అంతే. మరి ఇంత తిప్పలెందుకు అంటే, అసలు లాభం వేరే చోట ఉంది.

కట్టర్ బార్ మీద ఒకే చోట ఉండి ఒకే వృత్తం గీస్తుంది. ఆ వృత్తాన్ని బోరుగా సాగదీసేది క్యారేజి నడక. కాబట్టి బోరు తిన్నదనం మొత్తం బెడ్ మీద ఆధారపడి ఉంది, టెయిల్ స్టాక్ మీద కాదు. టెయిల్ స్టాక్ పదో వంతు మిల్లీమీటరు పక్కకి ఉందని దిగులుపడుతున్నావు. షాఫ్టు టర్నింగ్ చేస్తే ఆ తప్పు టేపరై కూర్చుంటుంది, నిజమే. ఇక్కడ టేపర్ రాదు. బార్ కాస్త ఏటవాలుగా తిరుగుతుంది, వృత్తం పిసరంత కోలగా మారుతుంది. ఎంత కోల? నీ 250 బార్‌కి లెక్క వేశాను, మైక్రాన్‌లో వందో వంతుకైనా రాదు. దాని గురించి నిద్ర పాడుచేసుకోకు. ఏ తప్పు జాబ్‌లోకి దిగుతుందో, ఏది దిగదో తెలుసుకుని, దిగేదాని వెంటే పడు. ఇంట్లో చిన్న మెషిన్ మీద పనిచేసేవాడికి అంతకు మించిన విద్య లేదు. ఇక్కడ దిగేవి వేరు. క్రాస్ స్లైడ్ లూజు, జాబ్ కదలడం, అరిగిపోయిన బెడ్, వేడి.

ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో 1774లో ఫిరంగులు తొలిచే పద్ధతికి పేటెంటు తీసుకున్న జాన్ విల్కిన్సన్, ఆ మరుసటి ఏడాది జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాల సిలిండర్ల కోసం మెషిన్ కట్టాడు. అంతకుముందు బార్‌కి ఒక కొసనే పట్టు ఉండేది, కట్టర్ పోతపోసిన వంకర ఎటుంటే అటే పోయేది. విల్కిన్సన్ బార్‌ని సిలిండర్ గుండా పోనిచ్చి రెండు కొసలా పట్టాడు. యాభై అంగుళాల సిలిండర్‌లో తేడా పాత షిల్లింగు మందం కూడా లేదని వాట్ భాగస్వామి బౌల్టన్ మెచ్చుకున్నాడు. ఇవాళ నీకది నవ్వులాట కొలత. ఆవిరి కారిపోకుండా యంత్రం నడిచింది ఆ కొలత మీదే.

కట్టర్‌కి బార్ మధ్యలో 8 మి.మీ. కన్నం వెయ్యి, అవతలికి పోనివ్వకు. వెనక సర్దుబాటు స్క్రూ పెడదామనిపిస్తుంది, వద్దు. వెనక వైపు నున్నగా ఉంటేనే మైక్రోమీటర్ ఆనుతుంది. బార్ వెనక నుంచి కట్టర్ మొన దాకా కొలిచి, రెండింతలు చేసి, బార్ లావు తీసెయ్, అదే బోరు. నీ 30 బార్‌కి 38.50 వస్తే బోరు 47. కట్టర్‌ని కాస్త ఎక్కువ బయట పెట్టి, ఇత్తడి ముక్కతో తట్టుతూ కొలతకి దించి, పక్క నుంచి గ్రబ్ స్క్రూ బిగించు. బిగించాక మళ్ళీ కొలువు, స్క్రూ దాన్ని జరుపుతుంది. మొన మరీ గుండ్రంగా నూరకు, మొన లావైతే బార్‌ని పక్కకి తోసి చప్పుడు చేస్తుంది.

జాబ్ కట్టేటప్పుడు క్లాంపు ఎక్కడుందో దాని కిందే ఆనుడు ఉండాలి. నాలుగు మూలల కిందా సన్న కాగితం ముక్కలు పెట్టి బిగించు. ఏ ముక్కైనా లాగితే వచ్చేస్తోందంటే అక్కడ జాబ్ గాల్లో ఉంది. డయల్ గేజ్ జాబ్ మీద ఆన్చి క్లాంపు బిగించు. ముల్లు రెండు గీతలు కదిలిందంటే, బోల్టు విప్పగానే బోరు కూడా అంత వంకర అవుతుంది. ఎత్తు షిమ్ములతో, పక్కకి క్రాస్ స్లైడ్ స్క్రూతో సరిచేసుకో. డయల్‌ని బార్‌కే కట్టి ముందు వేసిన రఫ్ కన్నంలో చేత్తో తిప్పితే ఎటు ఎంత ఉందో తెలుస్తుంది. సెట్ అయ్యాక క్రాస్ స్లైడ్ గిబ్ స్క్రూలు గట్టిగా బిగించెయ్.

నిమిషానికి 130 చుట్లతో మొదలుపెట్టు, చప్పుడు చేస్తే సగానికి దించు. ఆటో ఫీడు వెయ్యి, చేత్తో తోస్తే గీతలు పడతాయి. 46.8 వచ్చాక ఆగి, బార్ తీసి, కొలిచి, బార్ మళ్ళీ సెంటర్ల మధ్య పెట్టు. చక్‌లో కాకుండా రెండు సెంటర్ల మీద పట్టమన్నది ఇందుకే, తీసి పెట్టినా స్థానం పోదు. కట్టు ముగిసిన వెంటనే కొలవకు. దిమ్మె ఇరవై డిగ్రీలు వేడెక్కితే 47 బోరు వందో వంతు మిల్లీమీటరు పెద్దదిగా కనిపిస్తుంది. నీకున్న సందు, హెచ్7 ప్రకారం, 47.000 నుంచి 47.025 వరకే. మే నెలలో మీ షెడ్డు ఎంత మండినా దిగులు లేదు, మైక్రోమీటరూ దిమ్మే బేరింగూ ఒకే వేడిలో ఉంటే చాలు. బేరింగ్‌నే తోసి చూడకు, ఇరుక్కుంటే పీకలేవు. 47.00కి ఒక స్టీలు ప్లగ్గు టర్నింగ్ చేసి పెట్టుకో. చివరి కట్టు అయ్యాక అదే సెట్టింగ్‌లో ఇంకోసారి పోనీ. రెండోసారి కూడా బార్ వంపు వదిలేసిన పలచటి పొట్టు రాలుతుంది.

తిరిగే బార్ దగ్గర వేస్టు గుడ్డ, గ్లోవ్స్, పొడుగు చేతుల చొక్కా ఏదీ ఉండకూడదు. బోరు నున్నగా వచ్చిందా అని తిరుగుతుండగా వేలు పెట్టి చూడాలని ఒక్కసారైనా అనిపిస్తుంది. స్విచ్ ఆపి, బార్ పూర్తిగా నిలిచాకే చెయ్యి పోవాలి.

ట్యాపులు మాత్రం మూడింటి సెట్టే కొను, విడిగా ఒకటి కొనకు. బార్‌కి సెంటర్ డ్రిల్లు పెట్టేముందు ఒకసారి ఫోన్ చెయ్యి, రెండు చివర్లా సెంటర్లు ఒకే లైనులో వచ్చేలా ఎలా పట్టుకోవాలో వీడియోలో చూపిస్తాను. ప్లేటు పని అవ్వగానే నూనె రాసి పెట్టు, మీ ఊరి తేమకి రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న